పాస్‌వర్డ్ పునరుద్ధరణ లేఖ: సత్యాసత్య పరీక్ష

అంతర్జాలమున ఖాతా గలవారు తమ పాస్‌వర్డును మరచినపుడు, దానికి మారుగా క్రొత్తదానిని ఏర్పరచుకొనుటకు వీలుగా, ఆ సేవను నడపు సంస్థ వారి ఈమెయిలు చిరునామాకు పంపు లేఖను పాస్‌వర్డ్ పునరుద్ధరణ లేఖ యందురు. వాడుకలో 'రీసెట్ మెయిల్' అనుట కద్దు. ఇందు సాధారణముగా ఒక లింకుగాని, కొన్ని అంకెల కోడుగాని యుండును. ఆ లింకు ఎవరి చేతిలో నుండునో తత్కాలమునకు వారే ఆ ఖాతాకు యజమానులుగా చెల్లుదురు గనుక, బ్యాంకు వ్యవహారము మొదలుకొని విద్యార్థి ఉపకారవేతనము వరకును, ఉద్యోగపు దరఖాస్తు మొదలుకొని కుటుంబపు ఛాయాచిత్రముల వరకును, ఈ నాలుగు పంక్తుల లేఖను ఆశ్రయించి యున్నవి. వంచకులు తక్కిన ఉత్తరములకంటె దీనినే మిక్కిలి శ్రద్ధతో అనుకరించుటకు హేతువిదియే.

ఇట్టి లేఖ కంటబడినపుడు చదువరి మనస్సున సహజముగా పుట్టు ప్రశ్న 'ఇది నిజమైనదా, దొంగదా' అనునది. కాని దానికి ముందుగా అడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు: దీనిని నేను కోరితినా? ఏలయన, సంస్థయే పంపిన నిజమైన లేఖను కోరినవాడు పరుడు కావచ్చును. కోరినది ఖాతాదారుడే యైనను, అదే సమయమున వచ్చిపడిన లేఖ దొంగది కావచ్చును. లేఖ యొక్క ప్రామాణ్యము వేరు, కోరిక యొక్క ప్రామాణ్యము వేరు. ఈ రెంటిని వేరుపరచి చూడకపోవుటవలననే చదువుకొన్నవారు సైతము మోసపోవుచున్నారని ఈ వ్యాసకర్త తలంపు.

లేఖ పుట్టువిధము

ఖాతాదారుడు 'ఫర్గాట్ పాస్‌వర్డ్' అను మాటను నొక్కి తన చిరునామా నిచ్చినంతనే, సంస్థ సర్వరు ఊహకందని దీర్ఘమైన యాదృచ్ఛిక సంఖ్య నొకదానిని సృష్టించి, దాని గుర్తును తనవద్ద నుంచుకొని, ఆ సంఖ్యను లింకులో నిమిడ్చి ఈమెయిలు ద్వారా పంపును. ఆ లింకు ఒక్కమారే పనిచేయును; కొలది నిమిషములకో, కొన్ని గంటలకో గడువు తీరి వ్యర్థమగును. సంస్థ తెలివిగలదైనచో, ఆ చిరునామాతో తనయొద్ద ఖాతా ఉన్నను లేకున్నను ఒక్కటే సమాధానము చూపును: 'ఈ చిరునామాతో ఖాతా ఉన్నట్లయితే లేఖ పంపబడును' అని. లేనియెడల, ఎవరికి ఎచ్చట ఖాతా కలదో కనిపెట్టుటకు దొంగకు అదే సాధనమగును. ఇందు గమనింపదగిన విషయము, లేఖ వచ్చుటచేత పాస్‌వర్డు మారిపోదనుట. లింకును తెరచి క్రొత్త పాస్‌వర్డు నిచ్చువరకు పాతదియే చెల్లుచుండును.

ఈ పద్ధతికి పూర్వము భద్రతా ప్రశ్నల పద్ధతి విరివిగా నుండెను: పుట్టిన తేదీ యేది, చదివిన బడి యేది, తల్లి పుట్టింటిపేరు ఏమి అని అడిగి, సమాధానము సరిపోయినచో ఖాతాను అప్పగించెడివారు. 2008 సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీచేయుచుండిన సారా పేలిన్ యొక్క యాహూ ఖాతా, ఆమె జీవితమును గూర్చి పత్రికలలోను అంతర్జాలమునను దొరకు వివరములతోనే ఒక విద్యార్థి చేతిలో పడెను. మన పల్లెలకు ఆ పద్ధతి మొదటినుండియు పనికిరానిదే. ఒక ఊరివాని పుట్టిన ఊరు, అమ్మమ్మ యింటిపేరు ఆ ఊరిలో ఎరుగనివారెవరు?

పల్లెటూరి ఖాతా, పరుల ఫోను

ఖమ్మము జిల్లాలో తల్లాడనుండి కొత్తగూడెము పోవు త్రోవలో, మైదానము సన్నగిల్లి భద్రాచలపు అడవుల దిక్కు మొదలగుచోట ఏన్కూరు మండల కేంద్రము కలదు. పత్తి, మిరప, వరి పండించు రైతులును, లంబాడ తండాలును, కోయగూడెములును గల ఈ సీమలో ఈమెయిలు ఉత్తరములు వ్రాసికొనుటకై పుట్టలేదు. దరఖాస్తుల కొరకు పుట్టినది. ఎంసెట్టు స్థానమున వచ్చిన ఈఏపీసెట్టునకు, 2016 నుండి డిగ్రీ ప్రవేశములను నడపుచున్న దోస్తునకు, ఉపకారవేతనముల ఈపాసునకు, పబ్లిక్ సర్వీసు కమిషను వారి వన్ టైమ్ రిజిస్ట్రేషనునకు వివరములు నింపునపుడు ఈమెయిలు గడియు ఫోను నంబరు గడియు కనబడును. అప్పటికప్పుడు నెట్ సెంటరువారు ఒక చిరునామా సృష్టించి, ఆ గడిని నింపుదురు. ఇంటిలో ఒక్కటే ఫోనుండి అది తండ్రితో చేనికి పోయి యుండును గనుక, ఓటీపీ వెంటనే రావలెనని కొన్నిచోట్ల సెంటరువారి నంబరే ఆ ఖాతాకు రికవరీ నంబరగును. చిరునామాయు పాస్‌వర్డును దరఖాస్తు ప్రతి వెనుక పెన్నుతో వ్రాసి యిత్తురు.

రెండేండ్లు గడచిన పిదప కౌన్సెలింగు గడువు నాడు ఆ కాగితము కనబడదు. 'అన్నా, ఓటీపీ నీకేమన్నా వచ్చిందా, జర సూడు' అని దరఖాస్తు పెట్టుకొన్న అమ్మాయి సెంటరువారిని అడుగుచుండగా, ప్రక్కన మరియొకరి దరఖాస్తునకు మరియొక ఓటీపీ వచ్చుచుండును. ఎవరు దేనిని కోరిరో ఎవరికిని స్పష్టముగా తెలియని ఆ గందరగోళము వంచకునకు మిక్కిలి అనుకూలమైనది. ఇందు సెంటరువారి తప్పని చెప్పుటకు వీలులేదు. వారు లేనిచో ఆ దరఖాస్తు వెళ్లియే యుండదు. అయినను, తన ఖాతాకు తన ఫోనో, తనవారి ఫోనో రికవరీ నంబరుగా లేనివారికి ఈ వ్యాసమున ముందు చెప్పబోవు పరీక్షలేవియు పూర్తి ఫలము నీయవు. వచ్చిన లేఖను తాము కోరిరా లేదా యను మొదటి ప్రశ్నకే వారు సమాధానము చెప్పజాలరు గదా.

పంపినవారి పేరు, చిరునామా

ఈమెయిలును మోసుకొనిపోవు నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ప్రకటించెను. ఒకరినొకరు ఎరిగిన విశ్వవిద్యాలయములు, పరిశోధనశాలలు మాత్రమే వాడుచుండిన ఆ కాలమున, పంపువాడు తన పేరును తానే వ్రాసికొనుటలో ఎవరికిని దోషము కనబడలేదు. తత్ఫలితముగా నేటికిని 'ఫ్రమ్' అనుచోట ఎవరి పేరైనను, కొంత నేర్పుండిన ఎవరి చిరునామాయైనను వ్రాయుట సాంకేతికముగా సాధ్యమే. మన దేశమున సామాన్యజనులకు అంతర్జాలము 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోనికి వచ్చునాటికి, అమెరికాలో ఏఓఎల్ ఖాతాదారుల పాస్‌వర్డులను దొంగలేఖలతో రాబట్టు విద్య అప్పటికే ఆరంభమై యుండెను.

ఈ లోపమును పూరించుటకు మూడు ఉపాయములు క్రమముగా ఏర్పడినవి. ఒక డొమైను (ఈమెయిలు చిరునామాలో '@' గుర్తు తరువాత నుండు పేరు) పేర ఉత్తరములు పంపుటకు ఏయే సర్వర్లకు అధికారము కలదో ఆ డొమైను యజమాని బహిరంగముగా ప్రకటించుట ఎస్‌పీఎఫ్. ప్రతి లేఖకును రహస్యకీలకముతో సంతకము చేయుటయు, ఆ సంతకమును ఎవరైనను సరిచూచుకొనుటకు బహిరంగకీలకమును ప్రకటించుటయు డీకిమ్. ఈ రెండు పరీక్షలలో ఒకటియైనను నెగ్గినదియు, చదువరికి కనబడు 'ఫ్రమ్' చిరునామాయు ఒకే డొమైనునకు చెందవలెనని పట్టుబట్టి, చెందనియెడల లేఖను ఏమి చేయవలెనో గ్రహీతకు చెప్పునది డీమార్క్. ఈ మూడవదాని వివరణ 2015లో ప్రకటింపబడెను. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు తమ ఖాతాదారులకు పెద్దమొత్తమున ఉత్తరములు పంపువారు ఈ మూడింటిని విధిగా పాటింపవలెనని నిర్బంధించినవి. గూగుల్ లెక్కలో పెద్దమొత్తమనగా దినమునకు 5,000 పైచిలుకు. కంప్యూటరుపై జీమెయిలులో లేఖను తెరచి, కుడివైపునుండు మూడుచుక్కల గుర్తు నొక్కి, 'షో ఒరిజినల్' అనుదానిని ఎన్నుకొన్నచో, ఈ మూడు పరీక్షల ఫలితములు పైననే 'పాస్', 'ఫెయిల్' అని కనబడును. ప్రసిద్ధ సంస్థ పేర వచ్చిన లేఖలో డీమార్క్ ఎదుట 'ఫెయిల్' అని యున్నచో దానిని నమ్మరాదు.

అయితే 'పాస్' అని యుండుటచేత నమ్మవచ్చునా? నమ్మరాదు. ఈ పరీక్షలు చెప్పునది ఈ లేఖ ఫలానా డొమైను నుండియే వచ్చినదను మాట మాత్రమే. ఆ డొమైను సజ్జనులదో దుర్జనులదో అవి చెప్పవు. బ్యాంకు పేరును పోలిన పేరుతో వంచకుడే ఒక డొమైనును కొని, దానికి మూడు రక్షణలను నిక్షేపముగా అమర్చుకొని లేఖలు పంపినచో, అవన్నియు మూడు పరీక్షలలోను నెగ్గును. కావున పరీక్ష ఫలితముకంటె ముందుగా డొమైను పేరును చదువుట నేర్వవలయును.

ఏన్కూరు వంటి చోట్ల లేఖలు చదువబడునది కంప్యూటరుపై కాదు, ఫోనుపై. ఫోను తెరపై స్థలము చాలదని పంపినవాని చిరునామాను దాచి పేరును మాత్రమే చూపుదురు. ఆ పేరు పంపినవాడు తన యిష్టమువచ్చినట్లు వ్రాసికొన్నది. 'గూగుల్ సెక్యూరిటీ' అనియో, తన బ్యాంకు పేరనియో పెద్ద అక్షరములలో కనబడుచున్నను, ఆ పేరు క్రిందనుండు 'నాకు' లేక 'టు మీ' అను మాట ప్రక్కని చిన్న బాణపు గుర్తును నొక్కినచో అసలు చిరునామా బయటపడును. అట్లే లింకు గల బొత్తామును తాకి విడువక, వ్రేలిని దానిపై కొంతసేపు అదిమి యుంచినచో అది ఎచ్చటికి పోవునో ఆ చిరునామా కనబడును.

డొమైనును చదువు తీరు

లింకులో మొదట 'హెచ్‌టీటీపీఎస్' అని యుండును. దాని వెంబడి రెండు ఏటవాలు గీతలుండును. వానిని విడిచి ముందుకు పోయి, అటుపిమ్మట వచ్చు మొదటి ఏటవాలు గీత యొద్ద ఆగి, అచ్చటినుండి వెనుకకు, అనగా కుడినుండి ఎడమకు, చుక్కల వారీగా చదువవలయును. అధికారమంతయు చివరి రెండు భాగములందో, 'గవ్ డాట్ ఇన్', 'కో డాట్ ఇన్', 'బ్యాంక్ డాట్ ఇన్' వంటివి వచ్చినపుడు చివరి మూడు భాగములందో యుండును. ఎడమవైపున ఉన్నదంతయు ఆ యజమాని తన యిష్టమువచ్చినట్లు పెట్టుకొన్న పేరే. 'ఖమ్మం లాడ్జి, చాందినీ చౌక్, ఢిల్లీ' అని వ్రాసిన ఉత్తరమును తపాలావారు ఖమ్మమునకు చేర్పరు గదా. మొదటనే ఖమ్మమని కనబడుచున్నను అది ఢిల్లీ ఉత్తరమే. వంచకులు లింకు మొదట ప్రసిద్ధమైన పేరును ఉంచుట, చదువరి చూపు అచ్చటనే ఆగిపోవునను ఆశచేతనే. ఫోనులోని బ్రౌజరు సైతము పొడవైన చిరునామాను సగముననే కత్తిరించి చూపు సందర్భములుండుట వారికి మరింత సహాయము.

దీనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణము 2016 మార్చి 19వ తేదీన జరిగినది. అమెరికా అధ్యక్ష ఎన్నికలలో హిల్లరీ క్లింటన్ ప్రచారమునకు అధ్యక్షుడైన జాన్ పొడెస్టాకు, ఆయన పాస్‌వర్డు ఎవరికో తెలిసిపోయినదనియు, వెంటనే మార్చుకొనవలెననియు, గూగుల్ పంపినట్లే యున్న లేఖ ఒకటి వచ్చెను. అందలి 'పాస్‌వర్డు మార్చుకొనుము' అను బొత్తాము బిట్లీవారి పొట్టి లింకొకదాని చాటున దాగి, చివరకు 'మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్ డాట్ టీకే' అను చోటికి పోవుచుండెను. ఎడమనుండి చదివినచో అది గూగుల్. 'కామ్' తరువాత చుక్కగాని ఏటవాలు గీతగాని లేక అడ్డగీత యుండుటను గమనించి కుడినుండి చదివినచో, పసిఫిక్ మహాసముద్రమందలి టోకెలావు దీవుల పేర ఆ కాలమున ఉచితముగా దొరకుచుండిన ఒక అనామక డొమైను. కార్యాలయమువారు అనుమానించి సాంకేతిక సహాయకుని అడుగగా, అతడు లేఖ నిజమైనదే యని వ్రాసి, పాస్‌వర్డు వెంటనే మార్చవలెనని చెప్పి, అందుకు గూగుల్ వారి అసలు చిరునామాను కూడ జతచేసెను. దొంగది అనబోయి నిజమైనదని పొరపాటున వ్రాసితినని అతడు తరువాత చెప్పుకొనెను. అతడు జతచేసిన లింకును వాడియున్నచో ఏ హానియు కలుగకుండెడిది. కాని నొక్కబడినది దొంగలేఖలోని బొత్తామే. ఆ ఖాతాలోని వేలకొలది లేఖలు అక్టోబరునుండి వికీలీక్స్ ద్వారా బయటికి వచ్చినవి. ఇంత పెద్ద వ్యవహారమున లేఖ నిజమా కాదా యను విచారణ జరిగినది, అనుమానము పుట్టినది, నిపుణుని సలహా దొరికినది. జరుగనిది లేఖను ప్రక్కకు పెట్టి తమ త్రోవన తాము పోవుట మాత్రమే.

అక్షరముల పోలికతో చేయు మోసము మరియొకటి. రష్యను లిపిలోని కొన్ని అక్షరములు ఆంగ్లాక్షరములతో కంటికి ఏమాత్రము తేడా లేనివి. 2017లో షూడాంగ్ ఝెంగ్ అను పరిశోధకుడు అట్టి అక్షరములతోనే 'యాపిల్ డాట్ కామ్' అని కనబడు డొమైనును నమోదుచేసి చూపగా, కొందరు బ్రౌజర్లవారు తమ నియమములను కఠినతరము చేసిరి. ఇట్టి చోట కంటి పరీక్ష చాలదు. పాస్‌వర్డు మేనేజరు అను సాధనము ఇందు మనిషికంటె నమ్మదగినది: అది అక్షరరూపమును గాక డొమైను సంకేతమును సరిపోల్చును గనుక, తనకు తెలిసిన చోటనే పాస్‌వర్డును నింపును. ప్రతిదినము తానే నింపుచుండునది ఒకనాడు నింపక ఊరకున్నచో, దానిని హెచ్చరికగా గ్రహింపవలయును.

నిజమైన సంస్థలు కొన్ని తమంత తామే ఈ చదువును కష్టతరము చేయుచుండుట విచారకరము. ఫేస్‌బుక్ వారి లేఖలు 'ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్' నుండి వచ్చును. అది వారిదే యైనను, చూచినవానికి దొంగదని తోచిన అతని తప్పేమియు లేదు. మన దేశపు బ్యాంకుల విషయమున ఈ చిక్కును తీర్చుటకు రిజర్వు బ్యాంకు 2025లో మంచి నిర్ణయము చేసినది: బ్యాంకులన్నియు 'బ్యాంక్ డాట్ ఇన్' అను ప్రత్యేక డొమైనునకు 2025 అక్టోబరు 31 లోపల మారవలెనని. ఆ పేర్లను నమోదుచేయు ఏకైక అధికారము హైదరాబాదు మాసబ్‌ట్యాంకున 1996 నుండి పనిచేయుచున్న ఐడీఆర్‌బీటీ అను బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థకు ఈయబడినది. దుకాణములో కొన్నట్లు ఎవరుబడితే వారు ఆ పేరును కొనలేరు గనుక, బ్యాంకు పేర వచ్చిన లింకులోని డొమైను చివర ఈ మూడు మాటలు లేకున్నచో సందేహించుటకు ఇపుడు గట్టి ఆధారము దొరకినది.

భాష, భయము, తొందర

అక్షరదోషములు, వంకర భాష దొంగలేఖకు లక్షణములని పదేండ్ల క్రిందట చెప్పుచుండిరి. కృత్రిమమేధ వచ్చిన తరువాత ఆ లక్షణము చెల్లిపోయినది. నేడు దొంగ సైతము దోషరహితమైన తెలుగులో, గౌరవవాచకములతో వ్రాయగలడు. చిహ్నము, రంగులు, క్రిందనుండు చిరునామా అసలు లేఖనుండి యథాతథముగా తీసికొన్నవే. చెల్లక మిగిలిన లక్షణములు రెండు. మొదటిది, లేఖ అడుగుచున్నదేమి యనునది: నిజమైన పునరుద్ధరణ లేఖ పాత పాస్‌వర్డు నడుగదు, ఏటీఎం పిన్ను నడుగదు, కోడును తిరుగుటపాలో పంపుమనదు, ఫోనులో ఎవరికైనను చదివి వినిపింపుమనదు, ఏ యాప్‌నో దింపుకొమ్మనదు. రెండవది కాలము: కోరిన వెంటనే వచ్చినదా, ఏ కోరికయు లేక వచ్చినదా? '24 గంటలలో ఖాతా మూయబడును' అను భయపెట్టు మాట గల లేఖ పునరుద్ధరణ లేఖ కానేకాదు. ఖాతాదారుడు కోరినందున వచ్చినదానికి అతనిని భయపెట్టవలసిన పనియేమి?

సంస్థల ఉద్యోగులకు సైతము ఇట్టి లేఖలు ఎంత హాని చేయగలవో హైదరాబాదు మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతము తెలుపుచున్నది. 2022 జనవరిలో ఆ బ్యాంకు సర్వర్లలో దొంగలు ప్రవేశించి 12 కోట్ల రూపాయలకు పైగా తరలించిరి. అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు పైగా వంచనలేఖలు వచ్చినవనియు, వానిలో కొన్నింటిని తెరచుటవలన దూరమునుండి కంప్యూటరును నడపగల సాఫ్ట్‌వేరు లోనికి చేరినదనియు హైదరాబాదు పోలీసులు వెల్లడించిరి. అవి పాస్‌వర్డు లేఖలు కాకపోవచ్చును. కాని తలుపు తెరచినది ఉత్తరమే. రెండువందలమంది జాగ్రత్తపడినను సరే, ఇద్దరు తెరచిన చాలునను లెక్కమీద ఈ వ్యాపారము నడచును.

నిజమైన లేఖ, కోరని లేఖ

ఇపుడు అన్నింటికంటె చిక్కైన సందర్భము. అర్ధరాత్రి ఇన్‌స్టాగ్రామ్ నుండి పునరుద్ధరణ లేఖ వచ్చినది. డొమైను సరియైనది, మూడు పరీక్షలు నెగ్గినది, లింకు అసలు చోటికే పోవుచున్నది. కాని ఖాతాదారుడు కోరలేదు. ఇట్టిది మూడు కారణములవలన రావచ్చును. ఆ చిరునామాను పోలిన చిరునామా గల మరియొకరు తమదనుకొని పొరపాటున దీనిని టైపుచేసి యుండవచ్చును. చిన్నతేడాగల జీమెయిలు చిరునామాలు మన పేర్లతో వేలకొలది గలవు. లేదా, ఎవరో ఖాతాను పట్టుకొనజూచుచుండవచ్చును. లేదా, కోరని లేఖలను వరుసగా పంపించి విసిగించి, ఆ వెంటనే 'మేము కస్టమర్ కేర్ నుండి' అని ఫోనుచేసి, లేఖలోని కోడును చదివించుకొను పన్నాగము కావచ్చును. మూడింటను కర్తవ్యమొక్కటే: లింకును ముట్టకుండుట, కోడును ఎవరికిని చెప్పకుండుట. 'మీరు కోరనియెడల ఇచ్చట నొక్కుడు' అను రెండవ లింకు లేఖలోనున్నను, లేఖ నిజమైనదని పూర్తిగా తేలనపుడు దానిని సైతము నొక్కరాదు. దొంగలేఖలలో వల ఆ రెండవ లింకునందే యుండుట కలదు.

సందేహము తీరుటకు దారి లేఖకు వెలుపల నున్నది. యాప్‌ను తానే తెరచి, లేక చిరునామాను తానే టైపుచేసి, ఖాతాలోనికి పోయి చూడవలయును. ఇన్‌స్టాగ్రామ్ 2019 నుండి తాను పంపిన లేఖల పట్టికను యాప్ సెట్టింగులలోనే చూపుచున్నది. భద్రతకు సంబంధించిన లేఖలు 14 దినముల వరకు అందులో నుండును. చేతికి వచ్చిన లేఖ ఆ పట్టికలో లేనిచో అది వారిది కాదు. గూగుల్ ఖాతాలో 'సెక్యూరిటీ' అను విభాగమున ఇటీవలి భద్రతా చర్యలు, ఏయే పరికరములు ఖాతాలో ప్రవేశించి యున్నవి అను వివరములు దొరకును. ఈ పద్ధతి యొక్క గొప్పతనము, లేఖ నిజమా కాదా యను తీర్పు అవసరమే లేకపోవుటలో నున్నది. నిజమైనను దొంగదైనను చేయు పని ఒక్కటే యగునపుడు, తీర్పులో పొరపాటు పడినను నష్టము కలుగదు.

పరీక్షలు సైతము ఓడు సందర్భములు కొన్ని కలవు. అందువలననే పై పద్ధతికి ఇంత ప్రాధాన్యము నీయవలసి వచ్చినది. 2013లో జేమ్స్ కెటిల్ అను బ్రిటిషు పరిశోధకుడు, కొన్ని సర్వర్లు పునరుద్ధరణ లింకులోని డొమైనును, కోరిక పంపినవాడు చెప్పినట్లే నమ్మి వ్రాయుచున్నవని చూపెను. అట్టిచోట సంస్థయే, తన సంతకముతోనే, దొంగ డొమైను గల లింకును పంపును. 2025 ఏప్రిలులో నిక్ జాన్సన్ అను సాఫ్ట్‌వేరు నిపుణునకు 'నో-రిప్లై' అను గూగుల్ చిరునామానుండి, డీకిమ్ సంతకము చెక్కుచెదరక వచ్చిన వంచనలేఖ ఈ కోవలో మరియొకటి: గూగుల్ నిజముగా పంపిన భద్రతాలేఖలోనే తమ మాటలు చేరునట్లు ఉపాయము పన్ని, ఆ సంతకము చెడకుండ దానిని తిరుగ పంపిరి, లింకు సైతము ఎవరైనను పుటలు కట్టుకొనగల గూగుల్ సైట్స్ లోనిదే. సంతకమును, డొమైనును చూచి తృప్తిపడినవారు అందు తప్పక చిక్కుదురు.

పాస్‌వర్డు అనునదే లేకుండ చేయు పాస్‌కీ అను పద్ధతిని యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 2022 నుండి వ్యాప్తిచేయుచున్నవి. ఇందు రహస్యకీలకము ఫోనులో భద్రపడి యుండి, అసలు డొమైనునకు తప్ప మరిదేనికిని స్పందింపదు. చెప్పుటకు పాస్‌వర్డే లేదు గనుక వంచించి రాబట్టుటకును ఏమియు లేదు. కాని ఒకే ఫోను ఇంటిల్లిపాది చేతులు మారు చోట్ల దీనిని ఎట్లు వాడవలెనను విషయమున ఆ సంస్థలు ఇంకను శ్రద్ధ వహింపవలసి యున్నది.

చట్టము, కర్తవ్యము

వంచనలేఖలు నేరమని ప్రత్యేకముగా చెప్పు చట్టము లేనికాలముననే, 2005లో, సాఫ్ట్‌వేరు సంస్థల సంఘమైన నాస్కామ్ పేర లేఖలు పంపిన వ్యవహారమున ఢిల్లీ హైకోర్టు అట్టి పని చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. తరువాత సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుండి అమలునకు వచ్చి, పరుల పాస్‌వర్డును మోసముతో వాడుటను 66-సి సెక్షను క్రిందను, కంప్యూటరు సాధనముతో పరుని వేషము ధరించి వంచించుటను 66-డి క్రిందను నేరములు చేసినది. రెంటికిని మూడేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు. డబ్బు పోయినచో 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఆలస్యము కాకున్నచో సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో నిలుపు అవకాశముండును. సొమ్ము పోకున్నను జాతీయ సైబర్ క్రైమ్ పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. తెలంగాణలో ఈ పనిని రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో పర్యవేక్షించుచున్నది.

లింకును నొక్కి పాస్‌వర్డును ఇచ్చివేసినవారు సిగ్గుపడి మిన్నకుండుట అన్నింటికంటె పెద్దనష్టము. మొదట, వేరొక ఫోనునుండియో కంప్యూటరునుండియో తన త్రోవన ఖాతాలోనికి పోయి పాస్‌వర్డును మార్చవలయును. పిమ్మట తక్కిన పరికరములన్నింటినుండి ఖాతాను లాగౌట్ చేయవలయును. అదే పాస్‌వర్డును మరెచ్చటనైనను వాడియున్నచో అచ్చటను మార్చవలయును. రికవరీ నంబరు, రికవరీ ఈమెయిలు తమవే యని చూచుకొని, నెట్ సెంటరువారి నంబరున్నచో తీసివైచి తమది చేర్చవలయును. అటుపిమ్మట అందరును మరచునది ఒకటి కలదు. దొంగ తాను లోనున్న కొద్దిసేపటిలో, ఈ ఖాతాకు వచ్చు ప్రతి లేఖయు తనకొక నకలు చేరునట్లు ఫార్వర్డింగు అమర్చియో, 'పాస్‌వర్డ్' అను మాటగల లేఖలు ఇన్‌బాక్సులో కనబడక నేరుగా చెత్తబుట్టకు పోవునట్లు ఫిల్టరు పెట్టియో యుండవచ్చును. జీమెయిలులో ఈ రెండును కంప్యూటరుపై సెట్టింగులు తెరచినచో పైన 'ఫిల్టర్స్' అనియు 'ఫార్వర్డింగ్' అనియు వేర్వేరు పుటలుగా కనబడును. వానిలో తాము పెట్టనిది ఏదియున్నను తొలగింపవలయును. ఆ ఫార్వర్డింగు మిగిలియున్నంతకాలము, పాస్‌వర్డును ఎన్నిమార్లు మార్చినను, ఆ ఈమెయిలుతో ముడిపడిన దోస్తు ఖాతాకుగాని, బ్యాంకు ఖాతాకుగాని ఇకముందు వచ్చు ప్రతి నిజమైన పునరుద్ధరణ లేఖయు అతనికిని చేరుచుండును.